ఆర్పడానికి వచ్చేవాళ్లు

నా ఉద్యోగం ఏమిటో మనవాళ్లకి చెప్పడం కష్టం. ఇన్సూరెన్స్ కంపెనీ అనగానే "పాలసీలు అమ్ముతావా?" అంటారు. అమ్మను. మా కంపెనీ బీమా చేసిన ఫ్యాక్టరీలకీ గోడౌన్లకీ వెళ్లి, అవి ఎలా తగలబడగలవో ముందే చూసి వస్తాను. నిప్పు ఎక్కడ పుట్టొచ్చు, ఏ గోడ దగ్గర ఆగుతుంది, ఆగకపోతే ఎందాకా పోతుంది, ఉన్న నీళ్లు చాలుతాయా లేదా, ఇదీ నా పని. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊరి చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు బోలెడు కాబట్టి నాకు పనికి ఎప్పుడూ లోటు లేదు.

ఈ పనితో పాటు ఒక జబ్బు కూడా పట్టుకుంది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు బయటికి పోయే దారులు చూసుకుంటాను. బేస్‌మెంట్ నిండా పిల్లల్ని కుక్కి పుట్టినరోజు చేస్తుంటే నాకు కేకు గొంతు దిగదు. ఆ మాట అనకుండా ఊరుకునే నోరు కూడా కాదు నాది. "ఫైర్ ఆంటీ వచ్చింది, కొవ్వొత్తులు దాచండి" అని పిల్లలు నా ముందే అనేవాళ్లు.

అలాంటిదాన్ని, నా ఇంట్లోనే పొగ అలారానికి గంతలు కట్టనిచ్చాను. రెండువేల నాలుగులో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్నాం. ఇక్కడి ఇళ్లన్నీ కర్రతో కట్టినవి. లోపల నిప్పు వెలిగించి నెయ్యి పోస్తే అలారం కొంపలంటుకున్నట్టు అరుస్తుంది. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం, హోటళ్లలో ఇచ్చే ప్లాస్టిక్ షవర్ క్యాప్. అమెరికాలో తెలుగువాళ్ల హోమం మామిడాకులు లేకపోయినా జరుగుతుంది గానీ షవర్ క్యాప్ లేకుండా జరగదు. మా ఆయన స్టూలెక్కి దాన్ని తొడుగుతుంటే కింద నించుని తిట్టాను. "నీ ఇన్‌స్పెక్షన్ ఫ్యాక్టరీల్లో చేసుకో తల్లీ, ఇక్కడ ఒక్క గంట అడ్జస్ట్ అవ్వు" అన్నాడు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, నేను పట్టుచీర కట్టుకుని, వెనకాల మంటలార్పే ఎర్ర సిలిండర్ పెట్టుకుని పీటల మీద కూర్చోవాలి. మా అత్తగారు అది చూసి "శుభమా అని చేసుకుంటూ అగ్నిహోత్రుడి ముందు ఆ డబ్బా ఏమిటే?" అని నెత్తి కొట్టుకున్నారు.

హోమం సగంలో ఉండగా ఎవరో తలుపు కొట్టారు. పక్కింటాయన. అంతకుముందు దూరం నుంచి చెయ్యి ఊపడమే గానీ మాట్లాడింది లేదు. ఎనభై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంటారు. కిటికీలోంచి మంట చూసి వచ్చారట. హలో లేదు, ఏమిటిదన్న ప్రశ్న లేదు. మంటని చూశారు, పైకప్పు చూశారు, ఆ తర్వాత కిటికీలు చూశారు. "ఆ మూలది మూసెయ్యండి. వంటింటి వైపుది కొంచెం తెరవండి" అన్నారు ఇంగ్లీషులో. మా ఆయన అలాగే చేశాడు. పొగ, చెప్పినట్టు విన్న పిల్లలాగా వంటింట్లోంచి బయటికి పోయింది.

అలా చూసేవాళ్లు నా వృత్తిలో వాళ్లే. "ఇన్సూరెన్సా సార్?" అని పీటల మీంచే అడిగాను. "జీవితమంతా" అన్నారాయన. కూర్చోమంటే కూర్చోలేదు. గోడకి వీపు ఆనించి, పంతులుగారు నెయ్యి పోసినప్పుడల్లా మంట ఎంత ఎత్తు లేస్తోందో చూస్తూ నించున్నారు. చివర్లో "దీన్ని ఎప్పుడు ఆర్పుతారు?" అని అడిగారు. పంతులుగారిని అడిగి చెప్పాను, ఆర్పం, దానంతట అదే శాంతించాలని. ఆయన మొహం అదోలా అయింది. ప్రసాదం తీసుకోకుండానే వెళ్లిపోయారు.

అలా మొదలైంది మా స్నేహం. పేరు పెట్టి పిలవమనేవారు. తాతగారి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, సార్ అనేదాన్ని. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, అరిజోనాలో ఉండేది. నేను సైట్ నుంచి రాగానే కంచె దగ్గర నిలబడి ఆ రోజు ఏ ఫ్యాక్టరీ చూశానో చెప్పేదాన్ని. ఆయన అడిగే ప్రశ్నలకి నేను మర్నాడు మళ్లీ వెళ్లి చూసుకోవాల్సి వచ్చేది. ఈ దేశంలో నాకు గురువంటూ దొరికితే ఆయనే. ఆ మాట ఇప్పటికీ అంటాను, అంటున్నప్పుడు ఒళ్లు జలదరించినా సరే.

ఆయనింట్లో నిప్పు ఉండేది కాదు. గ్యాస్ కనెక్షన్ తీయించేశారు. కరెంటు పొయ్యి కూడా వాడేవారు కాదు. చల్లటి బ్రెడ్డు, చల్లటి మాంసం, పళ్లు, అంతే. వృత్తి చాదస్తం ముదిరితే నేనూ ఇలాగే తయారవుతానేమో అని నవ్వుకునేదాన్ని. మంచు పడిన రోజు పొద్దున్నే పార పట్టుకుని, మా వీధిలో నీళ్ల పైపులున్న చోటల్లా, అదే, ఫైరింజన్లవాళ్లు గొట్టం తగిలించుకునే ఎర్ర కొళాయిల చుట్టూ మంచు తవ్వి శుభ్రం చేసేవారు. తన ఇంటి ముందుదే కాదు, వీధి చివరిదాకా అన్నీ. "వాళ్లు వచ్చినప్పుడు వెతుక్కోకూడదు" అనేవారు.

ఒక మధ్యాహ్నం మా అత్తగారికి షుగర్ పడిపోయి కళ్లు తేలేశారు. మా ఆయన 911కి ఫోన్ చేశాడు. ఈ ఊళ్లో దేనికి ఫోన్ చేసినా అంబులెన్సుతో పాటు ఫైరింజన్ కూడా వస్తుంది. మనిషి పడిపోయినా, గుండె నొప్పి వచ్చినా, ముందు ఇంట్లోకి వచ్చేది బూట్లూ కోట్లూ తొడుక్కున్న ఆ మంటలార్పేవాళ్లే. తేరుకుని కళ్లు తెరిచిన మా అత్తగారు వాళ్లని చూసి "నాకేమన్నా నిప్పంటుకుందిటే?" అన్నారు. అంతా నవ్వుకున్నాం. నేను వాళ్లని సాగనంపడానికి బయటికి వస్తే పక్కింట్లో కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయి. అంత గోల జరిగితే ఆయన కనీసం ఏమైందని అడగడానికి రాలేదు. నాకు కష్టంగా అనిపించింది, మర్నాడు మొహమాటం లేకుండా ఆ మాటే అడిగాను.

"వాళ్లున్నప్పుడు నేను రాలేను" అన్నారు. మళ్లీ తనే, "నాకు ఒక మాట ఇవ్వు. నేను ఎప్పుడైనా పడిపోతే వాళ్లని పిలవకు" అన్నారు. పోయిన చలికాలం గ్యారేజీలో పడి, లేవలేక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సిమెంటు నేల మీద పడి ఉన్నారట. జేబులో ఫోన్ ఉంది. చెయ్యలేదు. పాకుతూ వెళ్లి కుర్చీ పట్టుకుని లేచారు.

"మీకేమన్నా పిచ్చా సార్?" అన్నాను. నవ్వారు. మాట ఇవ్వమన్నారు. "సరే సార్" అన్నాను. మనం పెద్దవాళ్లు మొండికేసినప్పుడు సరే అనేస్తాం చూడండి, తర్వాత మనకి తోచిందే చేస్తాం, ఆ సరే. మన ఇళ్లలో అది అబద్ధం కింద లెక్కకి రాదు. ఆయనకి ఆ సంగతి తెలియదు పాపం. ఇన్సూరెన్స్ ఇంజనీరు కదా, సంతకం పెట్టించుకున్నట్టు తృప్తిగా తలూపారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని భూమ్మీద ఏ ఊరినైనా ఆకాశం నుంచి చూసే సదుపాయం కొత్తగా వచ్చింది. మాలాంటి వాళ్లకి అదొక వరం. సైట్‌కి వెళ్లకముందే ఫ్యాక్టరీ కప్పులన్నీ చూసుకోవచ్చు. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఆయన వంటింటి బల్ల దగ్గరికి వెళ్లి, నేను మర్నాడు చూడబోయే పాత కార్ల ఫ్యాక్టరీ బొమ్మ తెరిచి చూపించాను. గొప్పగానే చూపించాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. వేలు తడుముకోకుండా కదిలింది. "రంపం పళ్లలాంటి కప్పు. కింద చెక్క. ఇక్కడ అడ్డుగోడ ఉంది, కప్పు పైదాకా వచ్చింది, మంచిది. ఇక్కడ లేదు. ఇక్కడ అంటుకుంటే ఈ చివరి వరకూ పోతుంది. గాలి ఇటు నుంచి అయితే ఈ పనివాళ్ల ఇళ్లకి కూడా." నేను మర్నాడంతా తిరిగి పట్టుకోవాల్సింది ఆయన నిమిషంలో చెప్పేశారు.

"అంత తొందరగా ఎలా సార్?"

"ఒకప్పుడు రోజంతా ఇవే చూసేవాణ్ణి."

"మీ కాలంలో ఇలాంటి ఫోటోలు ఎక్కడివి?"

ఆయన లాప్‌టాప్ మూత మెల్లిగా వంచి మూసేశారు. ఆ తర్వాత చెప్పారు, కంచె దగ్గర మాట్లాడుకునే గొంతుతోనే, ఎక్కడా పైకీ కిందికీ పోకుండా.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని ఇంగ్లండ్ పంపారు. తుపాకీ ఇవ్వలేదు. ఇన్సూరెన్స్‌లో చేరి నాలుగేళ్లయిన కుర్రవాడు. భవనాలు తగలబడకుండా ఎలా కాపాడాలో తెలిసినవాడికి, ఎలా తగలబెట్టాలో కూడా తెలిసే ఉంటుంది కదా అని. ఒక పాత భవనంలో పెద్ద గది, బల్లల నిండా విమానాల్లోంచి తీసిన ఫోటోలు. జర్మనీలోని కర్మాగారాల ఊళ్లు. ఏ ఊరి మీద ఏ రకం బాంబు, ఏది ఎంత పాళ్లలో కలపాలి అన్నది ఆ గదిలోంచి సలహాగా వెళ్లేది. యంత్రాలు మొండివట. కప్పు కూలి మీద పడినా దులిపి, నూనె పోసి, మళ్లీ తిప్పుతారు. పేలే బాంబుతో ఆగిన ఫ్యాక్టరీ మళ్లీ లేస్తుంది. కాలితే లేవదు. అందుకని బరువైన పేలుడు బాంబులు ముందు, కప్పులు ఎగిరిపోవడానికి, తలుపులూ కిటికీలూ ఊడి గాలి ఆడటానికి, నీళ్ల గొట్టాలు తెగడానికి. వాటి వెనకే చిన్నవి, చేతికర్రంత పొడుగువి, వేలకి వేలు. అవి పేలవు, మండుతాయి. ఫ్యాక్టరీ మీద వేయాలా, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్ల మీద వేయాలా అన్న ప్రశ్నకి కూడా జవాబు కప్పుల్లోనే ఉండేదట. ఇళ్లు తేలిగ్గా అంటుకుంటాయి.

"ఒకసారి పైనుంచి మమ్మల్ని అడిగారు. లెక్క ప్రకారం అంటుకోవాల్సినంత అంటుకోవడం లేదు, ఎందుకని. మా గదిలో అందరూ తలలు పట్టుకున్నారు. నాకు తెలుసు. నీకూ తెలుస్తుంది, ఆలోచించు" అన్నారు.

ఆలోచించాను. పాడు అలవాటు, వృత్తి ప్రశ్న అడిగితే బుర్ర దానంతట అదే పరిగెడుతుంది. "ఆర్పేస్తున్నారు" అన్నాను. "మొదట్లోనే. చిన్నగా ఉన్నప్పుడే. బకెట్టు ఇసుక చాలు."

"అదే చెప్పాను. వాళ్లని బయటికి రానివ్వకూడదని చెప్పాను. కొన్ని ఆలస్యంగా పేలాలి. విమానాలు వెళ్లిపోయాయి కదా అని బకెట్లూ గొట్టాలూ పట్టుకుని వచ్చాక పేలాలి. ఒకటి రెండుసార్లు అలా అయితే ఇక రారు. రాకపోతే మిగతా పని నిప్పే చూసుకుంటుంది. అప్పటికే చాలామందికి తట్టిన ఆలోచనే. నేను చెప్పకపోతే ఇంకొకడు చెప్పేవాడు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, పనిచేయలేదు."

యుద్ధానికి ముందు తన ఉద్యోగమంతా మంటలార్పేవాళ్లతోనే గడిచిందట. స్టేషన్లలో వాళ్లతో కలిసి భోంచేసి, గొట్టాలు మోసి, పని నేర్చుకున్నారు. వాళ్లకి ఏది భయమో, దేనికి ఆగుతారో, దేనికి ఆగరో ఆయనకి తెలిసింది అక్కడే.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను. ఆ యుద్ధంలోనే మా విశాఖపట్నం హార్బర్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మా అమ్మమ్మ చెప్పేది, ఊరు ఊరంతా తట్టా బుట్టా నెత్తిన పెట్టుకుని పల్లెలకి పరిగెత్తిందని. తాతయ్య మాత్రం ఉండిపోయాడట. పోర్టులో గుమాస్తా, వీధి కాపలాకి పేరిచ్చాడు. ఒక ఇసుక బకెట్టు ఇచ్చారు. మా వీధిలో ఏమీ పడలేదు, ఆ బకెట్టు తర్వాత మా ఇంట్లో బొగ్గులకి పనికొచ్చింది. బకెట్టు పట్టుకుని వీధిలోకి వచ్చే మనిషి అంటే నాకు ఎవరో జర్మనీవాడు కనిపించలేదు. బనీనూ పంచా కట్టుకున్న మా తాతయ్య కనిపించాడు.

ఆ ఎండాకాలం నా పని నాకు చేదయింది. ఫ్యాక్టరీలో అడుగుపెట్టి, నేను రోజూ వేసుకునే ప్రశ్నలే వేసుకునేదాన్ని. ఈ గోడ ఆపుతుందా? ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఫైరింజన్ ఏ దారిన రాగలదు? ఒక్కో ప్రశ్నా తిరగబడి రెండో మొహం చూపించేది. ఒకచోట ప్లాంట్ మేనేజర్ ఫైరింజన్ వచ్చే గేటు చూపిస్తుంటే, దీన్ని మూసేస్తే చాలు కదా అని మనసులో మెదిలింది. ఇంట్లో కూర్చుని విశాఖపట్నం కూడా పైనుంచి చూశాను. హార్బరు, రైలు పట్టాలు, మా పాత వీధి దొరికాయి. ఇళ్ల మధ్య సందులు ఎంత ఇరుకో చూసి, ఇక్కడ అంటుకుంటే ఆగదు అనుకున్నాను. ఎవరి కళ్లతో చూస్తున్నానో అప్పుడు తెలిసింది. భయమేసింది. ఎన్నో రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదు.

మా అత్తగారికి సంగతేమీ చెప్పలేదు. ఆవిడే ఒకరోజు కిటికీలోంచి ఆయన్ని చూస్తూ, "ఆ పెద్దాయన వెనకాల ఎవరో నడుస్తున్నట్టు ఉంటుందే. చూశావా, మాటిమాటికీ తిరిగి చూసుకుంటారు" అన్నారు. నేను అంతకుముందు గమనించలేదు. నిజమే, చూసుకునేవారు.

మొదటి మంచు పడిన రోజు పొద్దున ఆయన పార పట్టుకుని వీధిలోకి వచ్చారు. ఎప్పటిలాగే కొళాయి చుట్టూ తవ్వడం మొదలుపెట్టారు. ఆయాసం తెలుస్తోంది. నా కోపం పోలేదు, కానీ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. నేనూ పార తీసుకుని వెళ్లి రెండోవైపు తవ్వాను. వీధి చివరిదాకా కొళాయిలన్నీ ఇద్దరం శుభ్రం చేశాం.

తిరిగొస్తుంటే అడిగారు. "నువ్వు ఇచ్చిన మాట ఉన్నట్టేనా?"

"అసలు సంగతి దాచి తీసుకున్న మాట చెల్లదు సార్."

"ఇప్పుడు తెలుసు కదా. ఇప్పుడు ఇవ్వు." ఆగి, పార మీద బరువు మోపి నించున్నారు. "చావంటే భయం లేదు. వాళ్లు నా కోసం పరిగెత్తుకు రావడం, నా పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం, అది నేను చూడలేను. ఎవరికోసం వస్తున్నారో వాళ్లకి తెలియదు."

ఈసారి సరే అనడానికి నోరు రాలేదు.

జనవరిలో ఒక శనివారం. ముందురోజు వాన కురిసి, అది గడ్డకట్టి, దాని మీద మంచు పడింది. నేను వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన కొళాయి దగ్గర పార ఎత్తారు. కాలు జారింది. మనిషి పక్కకి పడ్డ తీరు చూస్తేనే తెలిసింది, తుంటి విరిగిందని.

చెప్పుల్లో కాళ్లు దూర్చి పరిగెత్తాను. మొహం బూడిద రంగులో ఉంది. నా మణికట్టు పట్టుకున్నారు, ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. "వద్దు. ఇంట్లోకి లాగు. నువ్వూ మీ ఆయనా కలిసి. మాట ఇచ్చావు."

"మిమ్మల్ని ఇక్కడ గడ్డకట్టనిచ్చి నన్ను ఇంట్లో ఉప్మా తినమంటారా?" అని అరిచాను. తెలుగులోనే అరిచాను. రెండో చేత్తో ఫోన్ చేశాను. దానికి నేను ఇవాళ్టికీ చింతించను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ చేస్తాను. కానీ ఆయన నా చెయ్యి వదిలేసిన తీరు మాత్రం మర్చిపోలేను. విసురుగా కాదు, ఇక నీతో పని లేదన్నట్టు వదిలేశారు.

సైరన్ వినపడగానే ఆయన కళ్లు మారిపోయాయి. ఫైరింజన్ ఆగింది. నలుగురు దిగి, మంచులో జారుతూ, పెట్టెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయన మోచేతి మీద లేవబోయారు. లేవలేక చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపారు.

"వెనక్కి! వెనక్కి వెళ్లండి! ఇంకా పేలనివి ఉన్నాయి! ఇప్పుడే రావొద్దు, ఆగండి, ఇప్పుడే రావొద్దు!"

అంత గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు. నలుగురూ ఒక్క క్షణం కూడా ఆగలేదు. అందరికన్నా చిన్నవాడు, ఇరవై రెండో మూడో ఉంటాయేమో, మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఆయన తల తన ఒళ్లో ఆనించుకున్నాడు. "ఇక్కడ ఏమీ లేవు సర్. మీరు సేఫ్" అన్నాడు. ఆయన వాడి కోటు పట్టుకుని తోస్తున్నారు, పో, పో అని. ఏడుస్తున్నారు. వాళ్లలో పెద్దవాడు నన్ను "యుద్ధంలో ఉన్నారా?" అని అడిగాడు. తలూపాను. అతను వంగి, ఎంతో మర్యాదగా, "మీరు దేశానికి చేసిన సేవకి కృతజ్ఞతలు సర్" అన్నాడు. ఆ మాట విని ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత అరవలేదు. అక్కడ జరిగిందేమిటో ఆ వీధిలో ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ చేశారు. కూతురు వచ్చింది. ఆ వయసులో తుంటి విరిగాక ఏం జరుగుతుందో అదే జరుగుతోందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టర్లు చెప్పారు. కూతురు పడుకోవడానికి వెళ్లినప్పుడు నేను కూర్చునేదాన్ని. నా మీద కోపం ఉందేమో అనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు. ఒకటే అడిగారు.

"తిరిగి వెళ్లారా?"

"ఎవరు సార్?"

"వాళ్లు. నలుగురూ."

"వెళ్లారు సార్."

"నువ్వు చూశావా?"

చూడలేదు. నేను అంబులెన్స్ వెనకే కార్‌లో వచ్చేశాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఆయన ఎదురుగా చూడనిది చూశానని అనలేకపోయాను. మర్నాడు లడ్డూల డబ్బా పట్టుకుని ఫైర్ స్టేషన్‌కి వెళ్లాను. వట్టి చేతులతో వెళ్లడం మనకి రాదు కదా. ముగ్గురున్నారు. లడ్డూలు తిన్నారు, ఆయన ఎలా ఉన్నారని అడిగారు. చిన్నవాడికి ఆ రోజు సెలవు. హాస్పిటల్‌కి వచ్చి చెప్పాను.

"అయితే ముగ్గురు" అన్నారు.

"నాలుగోవాడికి సెలవు సార్! ఇంట్లో పడుకుని ఉంటాడు!" నాకు విసుగు వచ్చింది. ఆయన మొహం తిప్పేసుకున్నారు. ఎదురుచూస్తున్నారని అర్థమైంది. ఆ కుర్రాడి కోసం పోకుండా ఆగి ఉన్నారని కూడా అనిపించింది.

రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను. చిన్నవాడు ఫైరింజన్ కడుగుతున్నాడు. నన్ను గుర్తుపట్టి గొట్టం కింద పెట్టాడు. "ఆయన మమ్మల్ని కాపాడాలని చూశారు కదా" అన్నాడు. "పాపం, బాంబులు పడ్డ ఊళ్లో ఉన్నారా?" అవునని అనలేను, కాదని అంతకన్నా అనలేను. డబ్బా చేతిలో పెట్టి, వేళ్లన్నీ బాగున్నాయా, చలికి ఏమీ కాలేదు కదా అని పిచ్చిదానిలా అడిగాను. వాడు నవ్వుతూ చేతులు రెండూ చూపించాడు.

నేరుగా హాస్పిటల్‌కి పోయాను. మాట్లాడే ఓపిక ఆయనకి తగ్గిపోయింది. వంగి చెవి దగ్గర చెప్పాను. "చూశాను సార్. నా కళ్లతో. నలుగురూ ఉన్నారు."

విన్నారో లేదో తెలియలేదు. కారిడార్‌లో భోజనాల బండి పోతున్న చప్పుడు.

"ఇక్కడ నలుగురు" అన్నారు.

అక్కడి, ఆ జర్మనీ ఊళ్ల సంగతి నేను అడగకపోయినా చెప్పారు, ఆగి ఆగి. దాడి జరిగిన మర్నాడు ఫోటోలు వచ్చేవట. ఎన్ని ఎకరాల కప్పు కాలిందో భూతద్దం పెట్టి ఈయనే కొలిచేవారు. మనుషులు కనిపించే ఎత్తు కాదు అది. బకెట్లూ గొట్టాలూ పట్టుకుని ఎంతమంది బయటికి వచ్చారో, ఎంతమంది తిరిగి వెళ్లారో, ఆ కాగితాల్లో ఎక్కడా ఉండేది కాదు.

"యుద్ధం అయిపోయాక అడగొచ్చు కదా సార్" అన్నాను. చావుబతుకుల్లో ఉన్న మనిషిని అనాల్సిన మాట కాదు. ఎండాకాలం నాటి కోపం నాలో ఇంకా ఎక్కడో ఉంది, అదే నా చేత అలా అనిపించింది.

"అడగొచ్చు" అన్నారు. కళ్లు తెరిచి నా వైపు చూశారు. "నేను ఫోటోల్లో కొలిచిన ఊళ్ల నుంచి మన వృత్తి ఇంజనీర్లు ఇక్కడికి మీటింగులకి వచ్చేవారు. పక్కపక్కన కూర్చుని భోంచేశాం. అడిగితే చెప్పేవాళ్లు. అందుకే అడగలేదు."